రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు: ఊరి చెరువును ఎవరి చేతిలో పెట్టాలి?

మూడేళ్ల కిందట, తుఫాను వాన రెండో రోజు రాత్రి, మా ఊరి చెరువు తూము పక్కన నీళ్లు ఊరడం మొదలైంది. చెరువు నిండి నీళ్లు మరవ మీదుగా పొర్లిపోతున్నాయి. కట్ట వెనక వైపు, తూము గోడకు ఆనుకుని, ముందు వేలంత ధార కనిపించింది. గంట గడిచేసరికి మణికట్టంత అయ్యింది. ఊట తేటగా ఉన్నంతసేపు భయపడొద్దు, ఎర్రగా మారితే కట్ట లోపలి మట్టి కోసుకుపోతున్నట్టు లెక్క అని మా పెదనాయన చెప్పేవాడు. ఆ రాత్రి అది ఎర్రగా మారింది.

ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే ఆ చెరువు తమ జాబితాలో లేదన్నారు. ఇంకో ఆఫీసుకు చేస్తే అది మొదటివాళ్లదే అన్నారు. ఆయకట్టు సంఘానికి ఒకప్పుడు అధ్యక్షుడిగా చేసినాయన తన పదవీకాలం ముగిసి చాలా ఏళ్లయిందని చెప్పాడు, అది నిజమే. చెరువు కింద సాగు వంద ఎకరాలు దాటిందా లేదా అన్నదాన్ని బట్టి అది ఎవరి కిందికి వస్తుందో తేలుతుంది. మా చెరువు కింద నూట పది ఎకరాలని ఒక కాగితంలో, తొంభై అని ఇంకో కాగితంలో ఉండటం వల్ల వచ్చిన చిక్కు ఇదంతా. చివరికి ఊళ్లో ఉన్న మగవాళ్లం, ఆడవాళ్లం యూరియా బస్తాల్లో మట్టి, ఇసుక నింపి ఊట చుట్టూ తెల్లవారేదాకా పేర్చాం. కట్ట నిలిచింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి చదివాను. 1369 నాటి శాసనం అది. విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ ఆ శాసనం వరసగా చెబుతుంది. దోషాల్లో ఒకటి, కట్ట నుంచి నీళ్లు ఊరడం. ఇంకొకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. అది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా చెరువుకు ఆ రెండు దోషాలూ ఉన్నాయి. ఇప్పుడు రాజ్యాల బదులు ఆఫీసులు, అంతే తేడా. ఆరున్నర శతాబ్దాల కిందటే, కట్ట నాణ్యత పక్కనే పాలన లోపాన్ని కూడా చెరువుకు పట్టే జబ్బుగా రాసిపెట్టారు.

పర్యావరణాన్ని కాపాడటానికి ఏ తరహా పాలన మంచిది అనే చర్చ మొదలైతే సాధారణంగా దేశాల మీదికి పోతుంది. ప్రజాస్వామ్యమా, గట్టి కేంద్ర ప్రభుత్వమా, మార్కెట్టా అని. నాకు మాత్రం ఆ ప్రశ్న చెరువు కట్ట మీద నిలబడితేనే అర్థమవుతుంది. ఇక్కడ సర్కారు శాఖ ఉంది, ఎన్నికైన రైతుల సంఘం ఉంది, పంచాయతీ ఉంది, వేలంపాట ఉంది, వీటన్నిటికీ ముందు పాత కట్టుబాటు ఉంది. ఒకే నీటి మీద ఇన్ని రకాల పాలనలు వచ్చి వెళ్లాయి కాబట్టి పోల్చి చూడొచ్చు. దేశంలో చెరువులు, కుంటలు, ఇతర నీటి వనరులు కలిపి 24 లక్షలకు పైగా ఉన్నాయని 2023లో వెలువడిన మొదటి జలవనరుల గణన లెక్క తేల్చింది. అందులో దాదాపు 1.9 లక్షలు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. మీ ఊళ్లో కూడా ఒకటో రెండో ఉండే ఉంటాయి. ఈ వ్యాసం వాటి కోసమే.

ముందు పనులు విడదీయండి

చెరువు ఎవరిది అని అడిగితే గొడవ తెగదు. చెరువు దగ్గర ఏ పని ఎవరిది అని అడిగితే కొంత తెగుతుంది. నా లెక్కలో పనులు మూడు రకాలు.

మొదటిది కట్ట, తూము, మరవ, చెరువులోకి నీళ్లు తెచ్చే వాగులు, చెరువు హద్దు. తెలంగాణలో మత్తడి అన్నా, నెల్లూరు వైపు కలుజు అన్నా, మేం మరవ అన్నా అది ఒకటే, నిండిన నీళ్లు పొర్లి పోయే దారి. ఈ పనులు ఊరి పొలిమేర దాటి ఉంటాయి. మన మరవ నీళ్లు కింది ఊరి చెరువుకు పోతాయి, పై ఊరి మరవ మన చెరువుకు వస్తుంది. గొలుసుకట్టు చెరువుల్లో ఒక ఊరు తన మరవ మీద రెండు అడుగుల ఇసుక బస్తాలు వేస్తే కింది ఊరి పంట ఎండుతుంది, పై ఊరి మడి మునుగుతుంది.

రెండోది తూము దగ్గర నీళ్ల పంపకం. ఎప్పుడు ఎత్తాలి, ఎన్ని రోజులు వదలాలి, చివరి మడికి ఎలా చేర్చాలి. ఇది పూర్తిగా ఆయకట్టు రైతుల మధ్య పని.

మూడోది చెరువు చుట్టూ ఉన్న మిగతా బతుకంతా. చేపలు, పూడిక మట్టి, ఎండాకాలం చెరువులో మొలిచే గడ్డి, గొర్రెలకు నీళ్లు, చాకిరేవు, ఇప్పుడు అన్నిటికంటే పెద్దగా చెరువు ఊటతో నిండే బోర్లు. ఇందులో భూమి ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ ఉంటారు.

ఈ మూడింట్లో ఏది చెడితే చెరువు చెడుతోందో ముందు కనిపెట్టాలి. ఏ పాలనకైనా ఒకటి బాగా వస్తుంది, ఒకటి అసలు రాదు.

పాత కట్టుబాటు

మా పెదనాయన తరం దీన్ని చూసిన చివరి తరం. చెరువుకు ఒక నీరుగంటి ఉండేవాడు. తెలంగాణలో నీరటి, నీరడి అంటారు. తూము తాళం అతని దగ్గరే. ఏ మడికి ఎప్పుడు నీళ్లు పోవాలో అతనే చూసేవాడు, రైతు స్వయంగా కాలువకు గండి కొట్టుకుంటే అది తప్పు. పంట వచ్చాక కళ్లంలో అతనికి మేర, అంటే ధాన్యంలో వాటా, కొలిచేవాళ్లు. పంట అంతా పండితేనే అతని మేర నిండుగా ఉంటుంది కాబట్టి చివరి మడి ఎండకుండా చూడటం అతనికీ అవసరమే. చెరువు తవ్వించినవాళ్లకు, బాగు చేయించేవాళ్లకు దశబంధం అని ఇనాం భూములు ఉండేవి, ఆ భూమి అనుభవించేవాళ్లు ఏటా మరమ్మతు చేయాలి. ఊరంతా కలిసి పూడిక తీయడం, కంప కొట్టడం కుడిమరామత్తు. మద్రాసు ప్రభుత్వం 1858లో దీన్ని చట్టంగా కూడా చేసింది.

నీళ్ల విషయంలో ఇది బాగా కుదిరిన ఏర్పాటు. మనుషుల విషయంలో కాదు. నీరుగంటి చాలా ఊళ్లలో దళితుడు. ఊరి నీళ్లన్నీ అతని చేతి మీదుగా పారేవి గానీ, అతనికి సొంత మడి ఉండేది కాదు. ఉన్నా కాలువ చివర ఉండేది. కుడిమరామత్తులో గంప మోసింది ఎవరు, గట్టు మీద గొడుగు కింద నిలబడింది ఎవరు అని అడిగితే మన పెద్దలు గర్వంగా చెప్పే కథ కొంచెం మారుతుంది. పాతకాలం చెరువులు బాగుండేవి, మళ్లీ అలా చేద్దాం అనేవాళ్లకు నేను ఒప్పుకోను. ఆ ఏర్పాటు తిరిగి రాదు, రావాలని కోరుకోకూడదు కూడా.

అందులో ఒక్కటి మాత్రం తీసుకోవాలి. నీళ్లు చూడటమే పనిగా ఒక మనిషి, ఆ మనిషికి క్రమం తప్పని జీతం. ఏ పాలన ఎంచుకున్నా ఈ మనిషి లేకపోతే చెరువు నిలవదు.

నీటిపారుదల శాఖ

మొదటి రకం పనికి శాఖను మించినది లేదు. కట్ట ఎత్తు ఎంత ఉండాలి, మరవ పొడవు ఎంత ఉంటే వరద తట్టుకుంటుంది, పై చెరువు తెగితే కింది చెరువు ఏమవుతుంది, ఇవి చదువుకున్న ఇంజినీరు తేల్చాల్సిన లెక్కలు. డబ్బు కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. తెలంగాణలో 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని లక్ష్యం పెట్టుకుంది. ఇంత పెద్ద ఎత్తు పని ఏ ఊరి సంఘమూ తలపెట్టలేదు. పూడిక మట్టిని రైతులు తమ ఖర్చుతో ట్రాక్టర్లలో పొలాలకు తోలుకున్నారు, ఒండ్రు పడిన చేలలో ఎరువు ఖర్చు తగ్గింది. అది మంచి పని, మనస్ఫూర్తిగా అంటున్నాను.

అయితే శాఖ తవ్వగలదు, కట్టగలదు, ప్రతి రాత్రీ కాపలా కాయలేదు. ఒక ఇంజినీరు కింద పదుల సంఖ్యలో చెరువులు ఉంటాయి. పూడిక తీసిన మరుసటి ఏడాది తూముకు గ్రీజు ఎవరు పెట్టాలి, కట్ట మీద మొలిచిన సర్కారు కంప ఎవరు కొట్టాలి, వాగులో అడ్డుగా వేసిన మట్టి ఎవరు తీయాలి అంటే, ఊళ్లో ఫలానా మనిషి అని పేరు చెప్పే ఏర్పాటు ఉండదు. బిల్లు పెట్టగలిగే పనులు జరుగుతాయి. బిల్లు లేని చిన్న పనులు ఆగిపోతాయి. చెరువు చచ్చేది ఎక్కువగా ఈ చిన్న పనులు ఆగిపోవడం వల్లే.

పైనుంచి గట్టిగా పట్టుకుంటే ప్రకృతి బాగుపడుతుందా అని అడిగేవాళ్లు కొల్లేరు కథ చూడాలి. 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి కొల్లేరులో చేపల చెరువులను ప్రోత్సహించింది. 1999లో అదే ప్రభుత్వం ఐదో కాంటూరు వరకు, అంటే సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత వరకు, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లను యంత్రాలతో, పేలుడు పదార్థాలతో బద్దలు కొట్టారు. కొన్నేళ్లకు గట్లు మళ్లీ లేచాయి. ఆపరేషన్ జరిగిన రెండేళ్లకే, 2008లో, అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానం చేసింది. గట్లు కొట్టాల్సిన అవసరం నిజంగానే ఉంది, ఆ సరస్సు గోదావరి, కృష్ణా డెల్టాల మధ్య వరదను పీల్చుకునే స్పాంజిలాంటిది. కానీ కొట్టిన మర్నాడు ఆ గట్టు మళ్లీ వేయొద్దని పక్కవాడితో చెప్పగలిగే అధికారం, చెప్పాలన్న కోరిక కొల్లేరు ఊళ్లలో ఎవరికీ మిగల్చలేదు. పెద్ద పెట్టుబడిదారుడినీ, వల మీద బతికే పేద కుటుంబాన్నీ ఆ ఉత్తర్వు ఒకే గాటన కట్టింది. పైనుంచి వచ్చిన నిర్ణయం పైనున్నవాళ్లు మారగానే మారింది.

ఆయకట్టు సంఘం

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతులే సాగునీటి వ్యవస్థలను నిర్వహించుకునే చట్టం తెచ్చింది. ఒకే ఊపులో 10 వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. దేశంలో అంతకుముందు ఏ రాష్ట్రమూ ఇంత పెద్ద ఎత్తున చేయలేదు. వంద ఎకరాలు దాటిన చెరువులకు సంఘాలు వచ్చాయి, అంతకంటే చిన్నవి పంచాయతీరాజ్ కింద ఉన్నాయి. మా చెరువు నూట పదా, తొంభయ్యా అన్న గొడవకు మూలం ఈ గీతే.

మొదటి కొన్నేళ్లు నాకు తెలిసిన ఊళ్లలో ఉత్సాహం బాగా కనిపించింది. సంఘం పనులు సంఘమే చేసుకుంది, కాలువలు చివరిదాకా శుభ్రమయ్యాయి. తర్వాత అధ్యక్ష పదవి అంటే పనుల కాంట్రాక్టు అనే అర్థం చాలా చోట్ల స్థిరపడింది. ఎన్నికలు వాయిదాలు పడ్డాయి. తెలంగాణలో రాష్ట్రం ఏర్పడ్డాక ఈ సంఘాలు పక్కకు పోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి.

సంఘం ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు చేయదు అనే ప్రశ్నకు నాకు తెలిసిన మంచి జవాబు మన కర్నూలు జిల్లాలోనే దొరికింది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు అక్కడి కాలువల కింది ఊళ్లలో ఏళ్ల తరబడి తిరిగాడు. కొన్ని ఊళ్లు ఏ చట్టమూ లేకుండానే సొంతంగా నీటి మనుషులను, పొలం కావలివాళ్లను పెట్టుకుని, జీతానికి ఉమ్మడి నిధి కూడా పోగుచేసుకున్నాయి. పక్క ఊళ్లలో అలాంటిదేమీ లేదు. తేడా కులంలోనో, మంచితనంలోనో లేదు, కాలువ మీద ఊరు ఉన్న చోటులో ఉంది. కాలువ చివర ఉండి, నీళ్లు వస్తాయో రావో అన్న టెన్షన్ అందరికీ సమానంగా ఉన్న ఊళ్లు కలిసికట్టుగా నిలబడ్డాయి. కాలువ మొదట్లో నీళ్లకు లోటు లేని ఊళ్లకు ఆ అవసరం పడలేదు.

సాధారణ ప్రజలు ఉమ్మడి వనరును తామే కాపాడుకోగలరని నిరూపించినందుకు 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రోమ్ కూడా దీనికి దగ్గరి మాటే చెప్పింది. వనరు హద్దు, దాన్ని వాడుకునేవాళ్ల హద్దు స్పష్టంగా ఉండాలి, నియమాలు ఆ వాడుకునేవాళ్లే చేసుకోవాలి, పైనున్న ప్రభుత్వం ఆ హక్కును గుర్తించాలి.

కాబట్టి మీ చెరువు కింద ఇంకా తూము నీళ్లతోనే వరి పండుతుంటే, రైతులంతా ఆ నీళ్ల మీదే ఆధారపడి ఉంటే, రెండో రకం పనికి ఆయకట్టు సంఘమే సరైనది. తూము తాళం ఇంజినీరు దగ్గర ఉండకూడదు, సర్పంచి దగ్గరా ఉండకూడదు. కౌలు రైతుకు మాత్రం సంఘంలో మాట ఉండేలా పట్టుబట్టండి. ఎన్నో ఊళ్లలో ఆయకట్టు భూమికి పట్టాదారు హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఉంటాడు, బురదలో నిలబడి నీళ్లు కట్టేది కౌలుదారు. ఓటు పట్టాదారుకు, కష్టం కౌలుదారుకు అయితే ఆ సంఘం పేరుకే.

బోర్లు వచ్చాక లెక్క మారింది

సలహా అడిగేవాళ్లు చాలామంది గమనించని విషయం ఇది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

అనంతపురం, చిత్తూరు వైపు ఎన్నో చెరువుల తూములు ఇప్పుడు ఎత్తడం లేదు. చెరువు నిండితే ఊళ్లో బోర్లు పలుకుతాయి, తూము ఎత్తితే రెండు నెలల్లో చెరువు ఖాళీ, బోర్లు కూడా ఎండుతాయి. అందుకని తూము మూసేసి చెరువును ఇంకుడు చెరువుగా ఉంచుకుందామని ఊరు ఊరే ఒప్పందానికి వచ్చిన చోట్లు ఉన్నాయి. పైకి ఇది తెలివైన పని. కరువు సీమలో నీటిని ఎండకు ఆవిరి కానివ్వకుండా భూమిలో దాచుకోవడం మంచిదే.

ఇప్పుడు ఆ చెరువు ఎవరిదో చూడండి. ఆయకట్టులో భూమి లేని రైతు కూడా చెరువు పక్కన బోరు ఉంటే లాభపడుతున్నాడు. ఆయకట్టులో ఉండి బోరు వేయించుకునే స్తోమత లేని చిన్న రైతు తన తాతల నాటి నీటి హక్కు పోగొట్టుకున్నాడు. రికార్డుల్లో మాత్రం ఇంకా ఆయకట్టు సంఘమే ఉంది. నిర్ణయం తీసుకునేవాళ్ల జాబితా, నీళ్లు వాడుకునేవాళ్ల జాబితా వేరువేరు అయిపోయాయి. ఆస్ట్రోమ్ చెప్పిన మొదటి నియమమే ఇక్కడ తప్పింది. ఇలాంటి ఊళ్లో సంఘాన్ని ఎంత బలపరిచినా భూగర్భ నీరు నిలవదు, ఎందుకంటే బోరు వేసేవాడికి సంఘంతో పని లేదు. పోటీపడి వెయ్యి అడుగులకు దించినవాడిదే నీరు.

దీనికి చట్టం లేక కాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాలి. మీ ఊళ్లో ఎంతమంది తీసుకున్నారో మీకే తెలుసు. రిగ్గు లారీ రాత్రి వచ్చి తెల్లారేలోపు పోతుంది.

నేను చూసినంతలో దీనికి పనిచేసిన మందు రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి మన దగ్గరే. 2000ల్లో ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో, 600కు పైగా ఊళ్లలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే భూగర్భ జలాలను కొలుచుకునే కార్యక్రమం నడిచింది. ఊళ్లో వాన కొలిచే గేజి పెట్టారు, బోర్లలో నీటి మట్టం రైతులే కొలిచారు, ఏ పంటకు ఎంత నీరు కావాలో లెక్కేసి రబీకి ముందు గోడ మీద రాశారు. నిషేధం లేదు, జరిమానా లేదు, సబ్సిడీ లేదు. కంటి ముందు లెక్క కనిపించాక వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లిన రైతులు చాలామంది. చదువు రాని ఆడవాళ్లు కూడా నీటి బడ్జెట్ చెప్పగలిగారు.

రెండోది మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) జిల్లాలోని హివరే బజార్ అనే ఊరు. అక్కడ 1990ల నుంచి పోపట్‌రావు పవార్ నాయకత్వంలో గ్రామసభే నియమం పెట్టింది. సాగుకు బోరు వేయకూడదు, చెరకు, అరటి లాంటి నీళ్లు తాగే పంటలు వేయకూడదు, ఏటా వాన లెక్క చూసి పంట నిర్ణయించాలి. ఈ నియమం పని చేయడానికి కారణం అది గ్రామసభ నియమం కావడం. భూమి లేని కూలీకి, మేకలు కాసే కుటుంబానికి కూడా అందులో చేయెత్తే హక్కు ఉంది. బోరు వద్దు అనే మాట పది మంది బోర్ల యజమానుల సంఘం నుంచి ఎప్పటికీ రాదు, ఊరంతా కూర్చున్న సభ నుంచే రాగలదు.

మూడో రకం పనికి పంచాయతీ, అందులోనూ గ్రామసభ కావాలని నేను గట్టిగా అనేది అందుకే. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో చిన్న నీటిపారుదల, చేపల పెంపకం రెండూ పంచాయతీ విషయాలుగా ఉన్నాయి. ఊరి ఉమ్మడి భూములను, చెరువులను ఆక్రమించినవాళ్లను ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలను ఆదేశించింది. ఏజెన్సీ ఊళ్లలో గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం చిన్న నీటి వనరులను పంచాయతీలకే అప్పగించమంటుంది. కాగితం మీద బలం ఉంది. చేతిలో డబ్బు లేదు, అదే పంచాయతీ అసలు బలహీనత. పైగా సర్పంచి ఒక్కడి మాటే పంచాయతీ అయిన ఊళ్లో, చెరువు హద్దు ఆక్రమించినవాడు ఆ సర్పంచికి కావలసినవాడే అయితే, పక్క మండలం ఆఫీసే నయం అనిపిస్తుంది. గ్రామసభ నిజంగా కూర్చునే ఊళ్ల గురించే నేను చెబుతున్నాను.

వేలంపాట

చేపల కోసం చెరువును గుత్తకు ఇవ్వడం గురించి క్లుప్తంగా చెబుతాను. పాట పాడినవాడు కాపలా కాస్తాడు, పంచాయతీకి చేతికి డబ్బు వస్తుంది. కానీ అతనికి కావలసింది చేప, నీరు కాదు. ఏడాదికి ఒకసారి పాట అయితే ఏడాదిలో పిండుకోవాలనే చూస్తాడు. చేపలకు కోడి వ్యర్థాలు వేసి నీళ్లు కుళ్లబెట్టిన చెరువులు చూశాను, ఆ నీళ్లు గొర్రెలు కూడా తాగలేదు. చేపలు పట్టే ముందు రాత్రికి రాత్రి తూము ఎత్తేసిన గొడవలు కూడా ప్రతి జిల్లాలో ఉన్నాయి.

మత్స్యకార సహకార సంఘం ఉన్న ఊళ్లో పాట పెట్టకుండా వాళ్లకే ఇవ్వండి. వాళ్లు వచ్చే ఏడాది కూడా ఇక్కడే వల వేయాలి. తప్పక పాట పెట్టాల్సి వస్తే కనీసం మూడేళ్లకు పెట్టి, వ్యర్థాలు వేయకూడదని, తూము జోలికి రాకూడదని, ఫలానా రాయి వరకు నీళ్లు మిగలాలని రాసి సంతకం తీసుకోండి. ఆ డబ్బు పంచాయతీ సాధారణ ఖాతాలో కలవకుండా చెరువు ఖాతాలోకే పోవాలి.

పట్నం చెరువుల సంగతి వేరు. హైదరాబాద్‌లో చెరువుకు ఆయకట్టు లేదు, చుట్టూ ఉన్నది స్థలం విలువ. అక్కడ హద్దు కాపాడే పని సర్కారు తప్ప ఇంకెవరూ చేయలేరు. 2024లో వచ్చిన, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా మీద ఎన్ని వాదనలున్నా, ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు, ముందుగా గీసి అందరికీ కనిపించేలా పెట్టకపోవడమే అసలు తప్పు. గీత లేని చోట ఇల్లు కొన్న మధ్యతరగతి మనిషి, చెరువు ఇద్దరూ నష్టపోయారు.

మీ ఊరికి ఏది?

తూము నీళ్లతో పంట పండే ఊరు అయితే, తూము, కాలువలు ఆయకట్టు సంఘానికి, కట్ట, మరవ, వాగు శాఖకు, చేపలు, మట్టి, గడ్డి పంచాయతీకి. మూడూ రాతపూర్వకంగా.

చెరువు ఇంకుడు చెరువుగా మారిన ఊరు అయితే, సంఘాన్ని పట్టుకుని వేలాడొద్దు, గ్రామసభనే ముందుకు తీసుకురండి. తూము మూయడానికి ఒప్పుకున్న చిన్న రైతులకు బదులుగా ఏమిస్తున్నారో ముందు తేల్చండి. బోరు ఉన్నవాళ్లు ఏటా కొంత చెల్లించి, బోరు లేనివాళ్ల మడికి ఒక తడి నీళ్లివ్వడం న్యాయమని నా అభిప్రాయం. ఇది తేలకుండా తూము మూస్తే చెరువు బోరు ఉన్నవాళ్ల సొత్తు అవుతుంది, లేనివాళ్లు దాన్ని కాపాడటానికి రారు.

గొలుసుకట్టులో మధ్య ఊరు అయితే, ఒక్క ఊరి ఏర్పాటు చాలదు. పై ఊరితో, కింది ఊరితో మరవ ఎత్తు మీద ఒప్పందం ఉండాలి, ఆ ఎత్తు రాతి మీద చెక్కించాలి, తగాదా వస్తే తీర్చేది శాఖ ఇంజినీరు.

హద్దు ఆక్రమణే ప్రధాన జబ్బు అయితే, ముందు రెవెన్యూ సర్వే, ఎఫ్‌టీఎల్ రాళ్లు. ఊరివాళ్లు ఊరివాళ్ల మీద గెలవలేని పోరాటం ఇది ఒక్కటే, ఇక్కడ బయటి అధికారం కావాలి.

ఒక్కటే ఎంచుకోమంటే ఎంచుకోను. మొత్తం శాఖకే ఇచ్చిన చెరువు, మొత్తం సంఘానికే ఇచ్చిన చెరువు, రెండూ పాడైనవి చూశాను. సరిహద్దు దోషం పోవాలంటే ఒకే రాజు రావాలని లేదు, ఏ గీత వరకు ఎవరిదో అందరికీ తెలిస్తే చాలు.

ఏ ఏర్పాటుకైనా ఒప్పుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. తూము ఎత్తొద్దు, బోరు వేయొద్దు, గట్టు వేయొద్దు అని వద్దనే హక్కు ఎవరికి ఉంది, ఆ మాట చెల్లుతుందా? పదివేల రూపాయల చిన్న మరమ్మతుకు డబ్బు ఎవరి సంతకంతో, ఎన్ని రోజుల్లో వస్తుంది? భూమి లేనివాళ్లు, ఆడవాళ్లు ఆ కూర్చునే చోట కూర్చుంటున్నారా?

మా ఊళ్లో పోయిన ఉగాది తర్వాత కూర్చున్నాం. చెరువు ఎండి, పాత హద్దు రాళ్లు బయటపడిన రోజులవి, మాట్లాడటానికి అదే మంచి సమయం. వాన కాలంలో అందరూ నీళ్ల కోసం కొట్లాడుకుంటారు, ఎండాకాలంలో హద్దు కళ్లకు కనిపిస్తుంది. నూట పదా, తొంభయ్యా అన్నది తేల్చడానికి ఆయకట్టు మళ్లీ కొలవమని తీర్మానం చేసి పంపాం. చేపల డబ్బులోంచి నెలకింత అని నీరుగంటికి జీతం పెట్టాం. మేర కాదు, జీతం, బ్యాంకు ఖాతాలో. ఆ పనికి ముందుకొచ్చినామె పాత నీరుగంటి మనవరాలు. తూము తాళం ఇప్పుడు ఆమె దగ్గర ఉంది. తూము గోడ పక్కన ఊట పడిన చోట కొత్త బంకమట్టి వేయించే పని ఇంకా మిగిలి ఉంది, దాని అంచనా ఒక ఆఫీసులో ఆగింది, ప్రతి సోమవారం ఎవరో ఒకరం వెళ్లి అడుగుతున్నాం.